బరువు తగ్గే ఆపరేషన్: నొప్పికి ఏ మందు వాడాలి, ఏది ముట్టుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. హనుమకొండలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మేడారం జాతరకు పోయి ఎత్తు బంగారం తూగితే 116 కిలోల బెల్లం పట్టింది. అందరి ముందు తలెత్తుకోలేకపోయాను. షుగర్ ఉంది. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తానని మా ఆయన అంటారు. మోకాళ్ళ నొప్పులకు రెండేళ్ళుగా మెడికల్ షాపులో తెచ్చుకున్న గోలీ రోజూ ఒకటి వేసుకుంటున్నాను. హైదరాబాద్‌లో చూపించుకుంటే బరువు తగ్గే ఆపరేషన్ చేద్దామన్నారు. కడుపులో కొంత కోసి తీసేసే స్లీవా, కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు అతికించే బైపాసా అన్నది ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష) చూశాక చెప్తామన్నారు. నాకు ఆపరేషన్ కంటే ఆ తర్వాత నొప్పంటే భయం. రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే, ఆ నొప్పి ఇప్పటికీ మర్చిపోలేదు. నొప్పి తెలియకుండా ఉండటానికి మత్తు మందులిస్తారు, అవి అలవాటైపోతాయి అని అమ్మ అంటోంది. అసలు ఏమేం మందులిస్తారు? ఆపరేషన్ అయ్యాక పరకాల దగ్గర మా అమ్మగారి ఊళ్ళో ఉందామనుకుంటున్నాను. అక్కడి ఆరెంపీ డాక్టర్ రాత్రి ఎన్నింటికి పిలిచినా వచ్చి నొప్పి సూది వేసి పోతాడు.
– ఒక టీచర్, హనుమకొండ

జవాబు: అమ్మా, నొప్పి గురించి ముందే అడిగి మంచి పని చేశారు. ఎంత ఖర్చవుతుంది, ఎన్ని కిలోలు తగ్గుతాం, జుట్టు ఊడుతుందా అని అందరూ అడుగుతారు. నొప్పికి ఏమిస్తారు అన్న ప్రశ్న మాత్రం చాలామందికి ఆపరేషన్ అయిన రాత్రే గుర్తొస్తుంది. నేను మత్తు డాక్టర్‌ని. ఆ ప్రశ్న ముందే వస్తే మాకు సగం పని తేలికవుతుంది. ఇంకో మాట. తూకం దగ్గర తల దించుకోవాల్సిన పనేమీ లేదు. ఊబకాయం కూడా షుగర్, బీపీల్లాగా వైద్యం చేయాల్సిన జబ్బే. మీరు దానికి వైద్యం చేయించుకుంటున్నారు, అంతే.

సూటిగా చెప్తాను. ఆసుపత్రిలో ఉండే రెండు మూడు రోజుల నొప్పి గురించి మీరు పడుతున్నంత భయం అక్కర్లేదు. ఆ నొప్పిని అదుపులో పెట్టే దారులు మా దగ్గర చాలా ఉన్నాయి. నాకు టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలోని రెండు చిన్న మాటలు. ఒకటి రోజూ వేసుకునే గోలీ, రెండోది ఊళ్ళో దొరికే సూది. వాటి గురించి వివరంగా రాస్తాను, అది మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి.

ముందు మీ కాన్పుల సంగతి. సిజేరియన్‌లో పొత్తికడుపు మీద పెద్ద కోత పెట్టి, పొరలన్నీ తెరిచి, గర్భసంచిని కూడా కోసి కుడతారు. పైగా ఆ గర్భసంచి ముడుచుకునే నొప్పి వేరే. బరువు తగ్గే ఆపరేషన్ ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా లాప్రోస్కోపీతోనే చేస్తున్నారు. పొట్ట మీద నాలుగైదు రంధ్రాలు పడతాయి. చిన్నవి అర సెంటీమీటరు, పెద్దది సెంటీమీటరు కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి ఆ నొప్పిని దీనికి కొలతగా పెట్టుకోకండి. దీనికి నడుముకు సూది ఇచ్చి చేయరు, పూర్తి మత్తే ఇస్తారు. నడుముకు ఇచ్చిన సూది వల్లే ఏళ్ళ తరబడి నడుంనొప్పి అని మన దగ్గర చాలామంది ఆడవాళ్ళు నమ్ముతారు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు గానీ, ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి కారణం అది కాదు.

ఇక ఎక్కడెక్కడ నొప్పి ఉంటుందో చూద్దాం. రంధ్రాల దగ్గర ఉంటుంది. ముఖ్యంగా పెద్ద రంధ్రం దగ్గర. స్లీవ్ చేస్తే కోసిన కడుపు ముక్కను బయటికి తీసేది సాధారణంగా దాని గుండానే కాబట్టి, మిగతావి సర్దుకున్నా అది ఇంకొన్నాళ్ళు సలుపుతుంది. పడుకుంటే పెద్దగా తెలియదు. లేచేటప్పుడు, దగ్గేటప్పుడు పట్టేస్తుంది. వెల్లకిలా పడుకుని ఒక్కసారిగా లేవకుండా, పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద బరువు వేసి, కాళ్ళు మంచం దించి లేవండి. దగ్గు వచ్చినప్పుడు ఒక చిన్న దిండు పొట్టకు అదిమి పట్టుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మొదటి రెండు రోజులు ఆ దిండు మీకు బాగా పనికొస్తుంది.

చాలామంది కంగారు పడేది ఇంకో నొప్పికి. ఆపరేషన్ పొట్టకు చేశారు, భుజం ఎందుకు లాగుతోంది అంటారు. లాప్రోస్కోపీలో లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డై ఆక్సైడ్ గాలి నింపుతారు. ఆపరేషన్ అయ్యాక తీసేస్తారు గానీ కొంచెం మిగులుతుంది. అది పైకి చేరి ఊపిరితిత్తుల కింద ఉండే పొరను చిరాకు పెడుతుంది. ఆ పొర నరమూ భుజం నరమూ మెడ దగ్గర ఒకే చోటు నుంచి వస్తాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో ఆ గాలిని ఒళ్ళే పీల్చేసుకుంటుంది. దీనికి మందులకంటే నడకే బాగా పనిచేస్తుంది. భుజం మీద వేడి కాపడం పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు మాత్రం “గ్యాస్ నొప్పి” అనగానే ఈనో, సోడా, వాము నీళ్ళు తెచ్చి ఇస్తారు. ఈ గాలి ఉన్నది పేగుల్లో కాదు, పేగుల బయట. తేన్పు వస్తే పోయేది కాదు. పైగా కొత్తగా కుట్టిన చిన్న కడుపులోకి సోడా, ఈనో పొంగు పోతే కొత్త నొప్పి మొదలవుతుంది. అవి దగ్గరికే రానివ్వకండి.

ఏ మందులిస్తారు అన్న మీ ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఒకే పెద్ద మందు మీద ఆధారపడకుండా, వేర్వేరు చోట్ల పనిచేసే నాలుగైదు మందులు కొద్దికొద్దిగా కలిపి వాడటం ఇప్పటి పద్ధతి. మీరు మత్తులో ఉండగానే రంధ్రాలు పెట్టే చోట సర్జన్ తిమ్మిరి మందు ఎక్కిస్తారు. చాలాచోట్ల మేము అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట గోడ నరాల దగ్గర రెండువైపులా తిమ్మిరి సూది వేస్తాం. దాన్ని టాప్ బ్లాక్ అంటారు. మీరు మెలకువలోకి వచ్చేసరికి పొట్ట పైభాగం మొద్దుబారి ఉంటుంది. చేతిలోని సూది గుండా సెలైన్‌లా పారాసిటమాల్ ఎక్కిస్తాం. వాంతులు రాకుండా మందులిస్తాం. కొత్త కుట్ల మీద వాంతి చాలా నొప్పి పుట్టిస్తుంది కాబట్టి, వాంతి ఆపడం కూడా నొప్పి వైద్యంలో భాగమే. వీటన్నిటికీ లొంగని నొప్పికే నల్లమందు జాతి మందులు, అంటే ఫెంటనిల్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి తక్కువ మోతాదులో వాడతాం.

ఒక్క జాగ్రత్త. తిమ్మిరి సూది పట్టు కొన్ని గంటలే ఉంటుంది, ఒక్కోసారి మర్నాటిదాకా ఉంటుంది. పొద్దున ఆపరేషన్ అయి సాయంత్రం హాయిగా కూర్చుని “నాకేం నొప్పి లేదు, మందు వద్దు” అన్నవాళ్ళు అర్ధరాత్రి ఇబ్బంది పడతారు. నొప్పి ఉన్నా లేకున్నా మొదటి రెండు రోజులు పారాసిటమాల్ వేళ తప్పకుండా పడాలి. నొప్పి ముదిరాక దించడానికి ఎక్కువ మందు పడుతుంది.

ఆసుపత్రిలో ఇచ్చే మందుల విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మీ గురక. మీ ఆయన చెప్పినట్టు ఊపిరి ఆగి ఉలిక్కిపడటం నిద్రలో శ్వాస ఆగే జబ్బు లక్షణం. స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గగానే మెదడు తట్టి లేపుతుంది, మీరు ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటారు. నల్లమందు జాతి మందులు మెదడులోని ఆ తట్టి లేపే శక్తినే మందగింపజేస్తాయి. మామూలు మనిషి తట్టుకునే మోతాదు మీకు ప్రమాదం కావచ్చు. అందుకే మీలాంటివారికి వాటిని వీలైనంత తగ్గించి, తిమ్మిరి సూదుల మీద, పారాసిటమాల్ మీద ఎక్కువ ఆధారపడతాం. ఇస్తే వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, రాత్రంతా కనిపెట్టి ఉండే వార్డులోనే ఇస్తాం. నిద్ర గోలీలు, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ కూడా మత్తు పెంచేవే, అవీ సొంతంగా వాడేవి కావు.

కాబట్టి గురక సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. వీలైతే మత్తు పరీక్షకు, అంటే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేసే పరీక్షకు, మీ ఆయన్ని వెంట తీసుకుపోండి, ఎందుకంటే రాత్రి మిమ్మల్ని చూసేది ఆయనే. స్లీప్ టెస్టు చేయమంటే చేయించుకోండి. నిద్రలో మాస్క్ గుండా గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషీన్ వాడమంటే ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందు నుంచే వాడి, ఆసుపత్రికి మీ మెషీన్, మీ మాస్క్ వెంట తెచ్చుకోండి. ఆ గాలి ఒత్తిడికి కడుపు కుట్లు విడిపోతాయని కొందరు భయపడతారు. అలా జరుగుతుందని పరిశీలనల్లో తేలలేదు. తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకోండి.

ఇక్కడ కల్లు గురించి కూడా చెప్పాలి. మీ గురించి కాదు, ఇది చదివే మిగతావాళ్ళ కోసం. మన తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. రోజూ అలాంటి కల్లు తాగేవారికి మత్తు లెక్క మారిపోతుంది. ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా మానేస్తే వణుకు, కలవరింతలు, ఫిట్స్ రావచ్చు. నొప్పి మందుతోపాటు తాగితే ఊపిరి మందగిస్తుంది. మత్తు డాక్టర్ “కల్లు తాగుతారా” అని అడిగితే అది మర్యాద లేక అడిగినట్టు అనుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆకలి తగ్గించే వారపు ఇంజెక్షన్లు వాడుతుంటే అదీ చెప్పాలి. వాటివల్ల కడుపు ఖాళీ అవడం ఆలస్యమై, మత్తు ఇచ్చేటప్పుడు చిక్కు వస్తుంది.

మీ అమ్మగారి భయం గురించి. ఆమె మాటలో నిజం లేదని నేను అనను. ట్రమడాల్ లాంటివి నెలల తరబడి వాడితే అలవాటవుతాయి. అందుకే 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కానీ ఆసుపత్రిలో డాక్టర్ కళ్ళముందు ఒకటి రెండు రోజులు తక్కువ మోతాదులో తీసుకున్నది వేరు. అమ్మగారికి ఇలా చెప్పండి: ఆసుపత్రిలో ఇచ్చినదానికి భయపడొద్దు, ఇంటికి రాసిచ్చినా కొద్ది రోజులకే రాస్తారు, అవి అయిపోయాక మళ్ళీ అడిగి తెచ్చుకోను. డిప్రెషన్‌కు గోలీలు వాడేవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు ట్రమడాల్ విషయంలో ముందే డాక్టర్‌కు చెప్పాలి.

మన ఇళ్ళల్లో దీనికి తోడు ఇంకో మాట వినిపిస్తుంది. “నేను ఐదుగురిని కన్న, ఒక్క గోలీ ముట్టలే” అని. ఆడవాళ్ళు నొప్పి ఓర్చుకుంటే మెచ్చుకుంటారు. నర్సు వచ్చి “నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత” అంటే ఏడు ఉన్నా మూడు అని చెప్పే అక్కచెల్లెళ్ళను చూస్తూనే ఉంటాను. నాకు బాధ కలుగుతుంది. నొప్పి ఉన్న మనిషి గట్టిగా ఊపిరి పీల్చదు, దగ్గదు, మంచం దిగదు. లోతైన ఊపిరి లేకపోతే నిమ్ము చేరుతుంది. నడవకపోతే కాళ్ళ రక్తనాళాల్లో గడ్డ కడుతుంది, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకు ఈ రెండు ముప్పులూ ఎక్కువ. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే మిమ్మల్ని లేపి నడిపిస్తారు, మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గాలి పీల్చమంటారు. అవి చేయగలిగేంతగా నొప్పి తగ్గిందా అన్నదే మా లెక్క. పూర్తిగా సున్నా కావాలని కాదు. ఏడు ఉంటే ఏడు అనే చెప్పండి.

ఇప్పుడు ఇంటికి వచ్చాక సంగతి. చాలామందికి ఇంటి దగ్గర పారాసిటమాల్ ఒక్కటే సరిపోతుంది, వారం తిరిగేసరికి అదీ అక్కర్లేకపోవచ్చు. డిశ్చార్జి చీటీలో రాసిన మోతాదే వేసుకోండి. ఎటు తిరిగీ పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. కాలేయానికి కొవ్వు పట్టినవాళ్ళకు డాక్టర్లు ఇంకా తగ్గించి చెప్తారు, మీ బరువుకు, షుగర్‌కు అది ఉండే అవకాశం ఎక్కువ. చిక్కు ఎక్కడంటే, ఒకే మందు రెండు పేర్లతో లోపలికి పోవడం. నొప్పికి డోలో, జలుబు చేసిందని ఇంకేదో గోలీ, దాంట్లోనూ పారాసిటమాల్. డాక్టర్ రాసిన ట్రమడాల్ గోలీలో కూడా చాలాసార్లు పారాసిటమాల్ కలిసే ఉంటుంది.

మొదటి కొన్ని వారాలు పెద్ద గోలీ అలాగే మింగకండి. కడుపు దారి సన్నగా, వాచి ఉంటుంది. పొడి చేసుకోవచ్చా, సిరప్ రాస్తారా అని అడగండి. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరగడానికి చేసినవి, వాటిని పొడి చేయకూడదు. మీ షుగర్ గోలీ కూడా అలాంటిదే అయి ఉండొచ్చు, దాని గురించి కూడా అడగండి. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే గోలీలు వద్దు. నీళ్ళయినా మజ్జిగ తేట అయినా సిరప్ సీసాతో వచ్చే చిన్న కప్పుతో, గుక్క గుక్కకూ ఆగి తాగండి. గబగబా తాగితే ఛాతీ మధ్యలో బిగదీసే నొప్పి వస్తుంది. అది మందుతో పోయే నొప్పి కాదు, తాగడం ఆపి నిటారుగా కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటుంది.

మీరు రెండుసార్లు చదవాల్సిన సంగతి ఇదే. మోకాళ్ళకు రోజూ వేసుకునే ఆ గోలీ పేరు మీరు రాయలేదు. మన దగ్గర మోకాళ్ళ నొప్పి అనగానే మెడికల్ షాపులో ఇచ్చేది చాలావరకు ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి గోలీలే. జీరోడాల్‌లో ఉన్నది ఎసిక్లోఫెనాక్. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తోపాటు ఐబుప్రొఫెన్ ఉంటుంది. షాపులో ఏం చేస్తారో మీకు తెలుసు. కత్తెరతో స్ట్రిప్ నుంచి నాలుగు గోలీలు కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసిస్తారు. ఇంటికి వచ్చి చూస్తే రేకు మీద పేరులో సగమే మిగులుతుంది. ఇకమీదట పూర్తి స్ట్రిప్ అడిగి, వెనక చిన్న అక్షరాల్లో ఏమేం కలిసి ఉన్నాయో చదివిగానీ తీసుకోకండి. పైన ‘పారాసిటమాల్’ కనిపించగానే ఆగిపోకండి, దాని పక్కన ఇంకోటి ఉందేమో చూడండి.

ఈ జాతి మందులు వాపును, నొప్పిని బాగానే తగ్గిస్తాయి. కానీ కడుపు లోపలి గోడను ఆమ్లం నుంచి కాపాడే జిగురు పూత తయారీని కూడా అవే తగ్గిస్తాయి. మామూలు కడుపుకే పుండ్లు పడతాయి. బైపాస్‌లో చిన్న సంచిలా చేసిన కడుపును తెచ్చి పేగుకు అతుకుతారు. ఆ పేగుకు ఆమ్లం అలవాటు లేదు. ఆ అతుకు దగ్గర పడే పుండు మానడం కష్టం, రక్తస్రావం కావచ్చు, రంధ్రం పడి మళ్ళీ ఆపరేషన్ దాకా పోవచ్చు. నెలలు, ఏళ్ళు గడిచాక కూడా ఈ ముప్పు ఉంటుంది. అందుకే బైపాస్ అయినవారు ఈ గోలీలు జీవితాంతం మానుకోవాలి అంటారు. స్లీవ్‌లో అతుకు ఉండదు కాబట్టి ముప్పు కొంత తక్కువ. కొందరు సర్జన్లు ఆమ్లం తగ్గించే గోలీతో కలిపి కొద్ది రోజులు ఒప్పుకుంటారు. కానీ అది వారి నిర్ణయం, మనది కాదు. ఆసుపత్రిలో సర్జనే తెలిసి ఒకటి రెండు డోసులు ఈ జాతి ఇంజెక్షన్ ఇప్పిస్తే కంగారు పడకండి, వారు లెక్క చూసుకునే ఇస్తారు.

ఊళ్ళో ఆరెంపీ గారు వేసే “నొప్పి సూది” చాలాసార్లు డైక్లోఫెనాకే. సూది కదా, కడుపులోకి పోదు కదా అని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. ఈ మందు పాడు చేసేది కడుపులో పడి కాదు, రక్తంలో కలిసి. పిరుదుకు వేసినా, చేతికి ఎక్కించినా ఆ జిగురు పూత తగ్గుతుంది. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఆ మనిషి మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు, పల్లెల్లో జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టేది వాళ్ళనే. కానీ మీ కడుపును ఎలా మార్చి కుట్టారో ఆయనకు తెలిసే వీలు లేదు. ఇంకో పెద్ద ప్రమాదం ఏమంటే, ఆ సూదితో నొప్పి ఒక పూట అణిగిపోతుంది. లోపల కుట్టు లీకై ఉంటే ఆ పూటలోనే పరిస్థితి చేయి దాటుతుంది.

కాబట్టి ఏ నొప్పికి ఆగకూడదో తెలుసుకోండి. మామూలు నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది. తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగితే, కదలకుండా పడుకున్నా నాడి నిమిషానికి 120 దాటితే, జ్వరం 100.4 దాటితే, ఆయాసం వస్తే, మూడు రోజులు దాటినా ఎడమ భుజం నొప్పి తగ్గక దాంతోపాటు నలతగా ఉంటే, గుక్క నీళ్ళు కూడా నిలవకపోతే వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయండి. ఒక పిక్క వాచి నొప్పి పెడితే, ఛాతీలో పోటు వస్తే, మలం తారులా నల్లగా వస్తే కూడా అంతే. ఫోన్ దొరక్కపోతే 108కి కొట్టి వరంగల్ ఎంజీఎంకో, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికో పోండి. పోగానే మొదటి మాటగా ఏ ఆపరేషన్ అయిందో, ఏ తేదీన అయిందో చెప్పండి. డిశ్చార్జి చీటీ ఫోటో మీ ఫోన్లోనూ, మీ ఆయన ఫోన్లోనూ ఉండాలి.

అందుకే, అమ్మగారి ఊరికి వెంటనే పోవద్దని నా సలహా. వీలైతే డిశ్చార్జి అయ్యాక కొన్ని రోజులు హైదరాబాద్‌లోనే చుట్టాల ఇంట్లో ఉండి, మొదటి చెకప్ అయ్యాక హనుమకొండకు రండి. అమ్మనే మీ ఇంటికి పిలిపించుకోండి. కారులో వచ్చేటప్పుడు భువనగిరి దగ్గర, జనగామ దగ్గర ఆపి పది నిమిషాలు నడవండి. సీటు బెల్టుకూ పొట్టకూ మధ్య ఆ చిన్న దిండే పెట్టుకోండి.

మరి మోకాళ్ళు? ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కాబట్టి కొన్ని నెలల్లో మీ మోకాళ్ళకు తేడా తెలుస్తుంది. అప్పటిదాకా పారాసిటమాల్, వేడి కాపడం, తొడ కండరానికి ఫిజియోథెరపీ వ్యాయామాలు. పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ రక్తంలోకి చాలా తక్కువ పోతుంది, చాలామంది సర్జన్లు కాదనరు, అయినా అడిగి వాడండి. కీళ్ళనొప్పుల చూర్ణాలు, పేరులేని నాటు గోలీలు వద్దే వద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్లు, ఇవే నొప్పి మందులు కలిపి అమ్ముతుంటారు.

ఇప్పుడు వేసుకుంటున్న గోలీ సంగతి సర్జన్‌కు ఈ వారమే చెప్పండి. సాధారణంగా ఆపరేషన్‌కు వారం ముందే ఆపిస్తారు, రక్తం కారే ముప్పు తగ్గడానికి. షుగర్ ఉండి రెండేళ్ళుగా రోజూ వేసుకున్నారు కాబట్టి కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష తప్పక చూడాలి. ఎండోస్కోపీలో పుండు కనిపిస్తే ముందు దాన్ని మాన్పి, తర్వాతే ఆపరేషన్ పెట్టుకుంటారు. స్లీవా, బైపాసా అన్న నిర్ణయం మీదా దీని ప్రభావం ఉండొచ్చు. ముందుముందు కీళ్ళకు ఈ గోలీలు అవసరం పడే అవకాశం ఉందని సర్జన్‌కు తెలియాలి.

మత్తు పరీక్షకు వెళ్ళే రోజు గోలీలన్నీ, షుగర్‌వీ బీపీవీ కూడా, సంచీలో వేసుకుని పోండి. పేర్లు చెప్పడం కాదు, స్ట్రిప్పులే చూపించండి. పొట్టకు తిమ్మిరి సూది ఇస్తారా, రాత్రి నన్ను ఎక్కడ పెట్టి చూస్తారు, ఇంటికి ఏ గోలీ ఎన్ని రోజులకు రాస్తారు, రాత్రిపూట నొప్పొస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న నాలుగూ అడిగి అక్కడే కాగితం మీద రాయించుకోండి. స్కూలుకు ఎప్పుడు పోవచ్చని మీరు అడగలేదు గానీ చెప్తాను. చాలామంది టీచర్లు రెండు మూడు వారాల్లో క్లాసుకు పోగలుగుతారు. నోటుపుస్తకాల కట్టలు మాత్రం ఇంకొన్ని వారాలు పిల్లలతోనే మోయించండి.